ఐగుప్తుకు వెళ్లేవారు వెతకవలసిన ఇటుక



వచ్చే జనవరిలో మన సంఘం నుంచి కొన్ని కుటుంబాలు ఐగుప్తు, సీనాయి యాత్రకు సిద్ధపడుతున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. కొందరు మూడేళ్లు చీటీ కట్టి డబ్బు కూడబెట్టారు. ఒక తల్లి పాడిగేదెను అమ్మి ఆ డబ్బు పక్కన పెట్టుకుంది. అంత కష్టార్జితం పెట్టి వెళ్లేవారు అక్కడ ఏం చూడాలి, ఏది వదిలేసినా నష్టం లేదు అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాము. వెళ్లనివారు కూడా చదవండి. నిజానికి ఇందులో ఎక్కువ భాగం వెళ్లలేనివారి గురించే.

ముందు కాలం సంగతి. ఐగుప్తు ఎండ మన రామగుండం ఎండకు అన్నలాంటిది. దక్షిణాన లక్సోరు, అస్వానులలో వేసవిలో 40 డిగ్రీలు దాటడం రోజూ ఉండేదే. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగలు హాయిగా ఉంటుంది. కానీ సీనాయి కొండ, అక్కడివారు జెబెల్ మూసా అనే ఆ కొండ ఎత్తు 2285 మీటర్లు. సూర్యోదయం చూపిస్తామని అర్ధరాత్రి ఎక్కిస్తారు, జనవరిలో అక్కడ నీళ్లు గడ్డకట్టే చలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కింద సెయింట్ కేథరిన్ మఠం దగ్గరే ఆగిపోవచ్చు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన మఠం అది. లోకంలోని అతి పాత బైబిలు ప్రతులలో ఒకటైన సినైటికస్ ప్రతి అక్కడే దొరికింది. స్వెట్టరు, ఉన్ని టోపీ, టార్చిలైటు తీసుకెళ్లండి. ఎండదేశం కదా అని పంచెతో బయల్దేరకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. ఒక ట్రావెల్స్ వారి కరపత్రం మా చేతికి వచ్చింది. ఎవరిదన్నది అనవసరం. రంగుల్లో పిరమిడ్ బొమ్మ వేసి, దాని కింద ఇవి ఇశ్రాయేలీయుల చేత ఫరో కట్టించినవని అచ్చువేశారు. ఆదివారపు బడి పిల్లల బొమ్మల పుస్తకాల్లోనూ ఈ మాట కనిపిస్తుంది. బైబిలులో మాత్రం ఎక్కడా లేదు.

నిర్గమకాండము 1వ అధ్యాయం 11వ వచనం తెరవండి. వారు కట్టినవి పీతోము, రామెసేసు అనే పట్టణాలు, ధాన్యం నిల్వచేసే పట్టణాలు. 14వ వచనంలో ఏ పని చేశారో కూడా ఉంది. జిగటమన్ను పని, ఇటుకల పని, పొలం పని. రాళ్లు మోశారని లేదు, సమాధి కట్టారని లేదు.

మరి ఈ పిరమిడ్ల మాట ఎక్కడిది? మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫసు తన పుస్తకంలో ఇశ్రాయేలీయుల చేత పిరమిడ్లు కూడా కట్టించారని ఒక మాట రాశాడు. ఆ తరువాత సినిమాలు వచ్చాయి, ఇక చెప్పేదేముంది. ఐరోపాలో మధ్యయుగపు క్రైస్తవులు ఇంకొక మెట్టు పైకెక్కి, పిరమిడ్లు యోసేపు కరవు కాలం కోసం కట్టించిన ధాన్యపు కొట్లు అనుకున్నారు. వెనిస్ పట్టణంలోని సెయింట్ మార్క్ దేవాలయం గోడమీద అలాగే బొమ్మ వేసి ఉంది. లోపల దాదాపు అంతా రాయే ఉన్న కట్టడంలో ఏడేళ్ల పంట ఎలా పోస్తారో ఆ చిత్రకారుడు ఆలోచించలేదు.

గీజాలోని పెద్ద పిరమిడ్‌ను ఖుఫు అనే రాజు కట్టించుకున్నాడు. సుమారు క్రీ.పూ. 2560 నాటి మాట. కట్టినప్పుడు దాని ఎత్తు 146 మీటర్లు. అందులో దాదాపు 23 లక్షల రాళ్లు ఉన్నాయని అంచనా. అబ్రాహాము శారాతో కరవులో ఐగుప్తుకు దిగి వెళ్లినప్పుడే అది కొన్ని వందల ఏళ్ల పాత కట్టడం. మోషే పుట్టేనాటికి దానికి వెయ్యేళ్లు దాటాయి. మన తాతలు చార్మినార్ కట్టారని చెప్పుకోవడానికి దగ్గరి సంబంధమైనా ఉంటుందేమో గాని దీనికి అదీ లేదు.

కట్టినవారు ఎవరో ఇప్పుడు బాగానే తెలుసు. 1990లో పిరమిడ్లకు దక్షిణాన కూలీల సమాధులు బయటపడ్డాయి. రాజు సమాధి నీడలో తమ సమాధులు తాము కట్టుకున్న పనివారు వాళ్లు. ఎముకల్లో బరువులు మోసిన అరుగుదల ఉంది, విరిగి కట్టుకట్టాక అతుక్కున్న చేతులున్నాయి. దగ్గర్లోనే వారి ఊరు, రొట్టెలు కాల్చిన పొయ్యిలు, తిన్న పశువుల ఎముకలు. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే చోట పాపైరస్ కాగితాలు దొరికాయి. మెరెరు అనే మేస్త్రి రాసుకున్న దినచర్య అది. తన మనుషులతో పడవల్లో సున్నపురాయిని తూరా గనుల నుంచి గీజాకు ఎన్ని సార్లు తోలాడో రోజువారీగా రాశాడు. ఇంతవరకు దొరికిన రాత ఉన్న పాపైరసులలో అంతకంటే పాతది లేదు. నాలుగున్నర వేల ఏళ్ల నాటి ట్రిప్పుల లెక్క. లారీ డ్రైవరుగా పనిచేసే మన సహోదరులకు ఆ పుస్తకం చూడగానే అర్థమవుతుంది.

పిరమిడ్లు చూడవద్దని మేము అనడం లేదు. చూడండి, ఒక పూట చాలు. ఒంటె ఎక్కేముందు దిగడానికి ఎంతో కూడా బేరమాడుకోండి. అయితే అక్కడ నిలబడి, ఇది మన బైబిలు జనం కట్టినదని పిల్లలకు చెప్పకండి. దేవుని వాక్యాన్ని పెద్దది చేయడానికి లేని మాట కలిపితే, పిల్లలు పెద్దయ్యి అది కాదని తెలుసుకున్న రోజున ఉన్న మాటను కూడా దానితోపాటే వదిలేస్తారు. మన సంఘంలోనే చదువుకోవడానికి పట్నం వెళ్లిన పిల్లల్లో ఆ సంగతి చూస్తున్నాము.

మరి ఇశ్రాయేలీయులు కట్టినది ఎక్కడ ఉంది? రామెసేసు పట్టణం నైలు డెల్టాలో, నేటి కాంతీర్ అనే పల్లె కింద ఉందని తవ్వకాల్లో తేలింది. పైన ఇప్పుడు పొలాలు. నది పాయ దారి మార్చుకోగానే ఆ పట్టణాన్ని వదిలేశారు. తరువాతి రాజులు అక్కడి విగ్రహాలను, రాళ్లను తానిసు అనే ఊరికి మోయించి మళ్లీ నిలబెట్టుకున్నారు. రాయికి విలువ ఉంది కాబట్టి మోశారు. ఇటుకను ఎవరు మోస్తారు? అది కరిగి పొలంలో కలిసిపోయింది. ఏ బస్సూ అక్కడికి వెళ్లదు, వెళ్లినా చూడడానికి పెద్దగా ఏమీ లేదు.

కానీ ఆ ఇటుకల పని ఎలా ఉండేదో కళ్లారా చూడవచ్చు. దాని కోసం కైరో నుంచి దక్షిణానికి, సుమారు 650 కిలోమీటర్లు, లక్సోరుకు వెళ్లాలి. రాత్రి రైలు ఉంది. చాలా ప్యాకేజీలలో లక్సోరు ఉండదు, ఉన్నా కర్నాకు దేవాలయం, రాజుల లోయ చూపించి తెచ్చేస్తారు. మీరు పట్టుబట్టి అడగవలసినది నదికి పడమటి గట్టున ఉన్న రెఖ్మిరే సమాధి. పాపైరస్ దుకాణం, అత్తరు దుకాణం కార్యక్రమంలోంచి తీసేయమనండి, కావలసినంత సమయం దొరుకుతుంది.

రెఖ్మిరే మూడవ థుట్మోసు రాజుకు ప్రధానమంత్రి. క్రీ.పూ. 15వ శతాబ్దపు మనిషి. తన సమాధి గోడల మీద తన అధికారం కింద జరిగిన పనులన్నీ బొమ్మలుగా వేయించుకున్నాడు. లోపలికి సన్నటి పొడవైన దారి. లోపలికి పోయేకొద్దీ పైకప్పు ఎత్తవుతూ ఉంటుంది. ఎడమచేతి గోడమీద పనివారి బొమ్మలున్నాయి. అక్కడ ఆగండి.

చెట్ల మధ్య ఒక నీటి గుంట. ఇద్దరు కుండలతో నీళ్లు ముంచుతున్నారు. పక్కన వాళ్లు పారలతో మట్టి తవ్వి కలుపుతున్నారు. కలిపిన మట్టిని ఎత్తి మోస్తున్నారు. ఒకడు వంగి చెక్క అచ్చులో మట్టి నింపి, అచ్చు పైకి లాగి ఇటుకను నేలమీద వదులుతున్నాడు. వరసగా ఆరబెట్టిన ఇటుకలు. ఆరినవాటిని కావడిలో పెట్టుకొని ఒకడు నడుస్తున్నాడు. ఖాళీ కావడితో ఇంకొకడు తిరిగి వస్తున్నాడు. ఒక పక్కన కర్ర పట్టుకొని కూర్చున్న మనిషి ఉన్నాడు. పనివారిలో కొందరి ఒంటిరంగు తెల్లగా, కొందరిది నల్లగా వేశారు. ఉత్తరాన కనాను వైపు నుంచి, దక్షిణాన నూబియా నుంచి రాజు పట్టి తెచ్చిన బందీలు వీళ్లని, ఆమోను దేవత గుడి పనికి ఇటుకలు చేస్తున్నారని పక్కనే రాసి ఉంది. పైవిచారణ చేసేవాడు, కర్ర తన చేతిలో ఉంది సోమరులుగా ఉండవద్దని హెచ్చరించే మాట కూడా అక్కడ ఉంది. నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఫరో నోట పదేపదే వచ్చే నింద ఏమిటి? సోమరులనే కదా.

వీళ్లు ఇశ్రాయేలీయులేనా అని మీరు అడుగుతారు. అలాగని ఆ గోడ చెప్పడం లేదు, మేమూ చెప్పము. నిర్గమం ఎప్పుడు జరిగిందన్న దానిలోనే పండితుల్లో రెండు వాదాలున్నాయి. 1 రాజులు 6:1లోని 480 ఏళ్ల లెక్క పట్టుకుంటే క్రీ.పూ. 15వ శతాబ్దానికి వస్తుంది. రామెసేసు అనే పేరు పట్టుకుంటే 13వ శతాబ్దానికి వస్తుంది. సెమినరీలో దీని మీద రాత్రుళ్లు వాదించుకున్నాము, తెగలేదు. గోడ చెప్పేదేమిటంటే, పరాయి దేశస్థులను మట్టిలో దించి, లెక్క పెట్టి, కర్ర చూపించి ఇటుకలు చేయించడం ఆ రాజ్యంలో ఉన్న పద్ధతి. మా మట్టుకు అది చాలు.

లెక్క అన్నాము కదా. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఒక తోలు చుట్ట ఉంది. రెండవ రామెసేసు ఏలుబడి 5వ ఏట రాసిన ఇటుకల పద్దు. 40 మంది మేస్త్రీల పేర్లు, ఒక్కొక్కరికి 2000 ఇటుకల లక్ష్యం, ఎవరు ఎన్ని అప్పగించారో ఎదురుగా అంకెలు. చాలామంది లెక్క తీర్చలేకపోయారు. లండన్‌లోని ఒక పాపైరస్‌లో ఒక ఉద్యోగి, ఇక్కడ ఇటుకలు చేయడానికి మనుషులూ లేరు, చుట్టుపక్కల గడ్డీ లేదని మొరపెట్టుకున్నాడు. గడ్డి ఎందుకో మన పాత ఇళ్లు ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. మట్టిగోడ పెట్టేటప్పుడు అమ్మమ్మలు ఊకో వరిగడ్డో కలిపి తొక్కించేవారు, లేకపోతే ఆరేటప్పుడు బీటలు వారుతుంది. ఐగుప్తు ఇటుక బట్టీలో కాల్చినది కాదు, ఎండలో ఆరినది. గడ్డి లేకపోతే చేయి తిరిగినవాడికైనా పని నడవదు. ఫరో గడ్డి ఆపేసి లెక్క తగ్గించలేదంటే, కొయ్యకాళ్లు ఏరడానికి జనం పొలాల వెంట చెదిరిపోయారంటే, అది తెలివైన క్రూరత్వం. ఇటుక పని తెలిసినవాడే ఆలోచించగలిగిన శిక్ష.

మన తెలుగు బైబిలులో ఈ చోట వెట్టి అనే మాట వాడారు. అనువాదకులు ఏ గ్రంథం చూసి తెచ్చారో గాని, తెలంగాణ పల్లెల్లో ఆ మాటకు అర్థం నిఘంటువులో వెతకనక్కర లేకుండా ఉండేది. వెట్టి చాకిరీని చట్టం 1976లో రద్దు చేసింది. అయినా ప్రతి ఏడూ పంటల పని అయిపోగానే మన సంఘంలోంచే కొన్ని కుటుంబాలు అడ్వాన్సు తీసుకొని బట్టీలకు వెళ్తున్నాయి. వెయ్యి ఇటుకలకింత అని కూలి. తీసుకున్న అడ్వాన్సు తీరేవరకు తిరిగి రావడానికి లేదు. పిల్లలు కూడా వెంట పోతారు, బడి పోతుంది. నిర్గమకాండము 5వ అధ్యాయం మేము ఎన్నిసార్లు వివరించినా, బట్టీ నుంచి వచ్చిన అన్న ఒకరు రెండు మాటల్లో చెప్పినంత బాగా చెప్పలేకపోయాము. గడ్డి ఎవరిస్తారన్నది మేస్త్రి చేతిలో ఉంటుందండీ, లెక్క మా నెత్తిన ఉంటుందండీ అన్నాడు.

లక్సోరులోనే ఇంకొక చోటు ఉంది, దెయిర్ అల్ మదీనా. రాజుల లోయలో సమాధులు తొలిచి రంగులు వేసిన పనివారి ఊరు. ఇళ్ల పునాదులు, సన్నని వీధి ఇప్పటికీ కనిపిస్తాయి. వీళ్లు బందీలు కారు, రాజు జీతం తినే నేర్పరులు. వీరి హాజరు పట్టీ ఒకటి రాతిపలక మీద రాసినది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవరు ఏ రోజు ఎందుకు రాలేదో అందులో ఉంది. ఒకడిని తేలు కుట్టింది, ఒకడు బంధువును పాతిపెట్టడానికి పోయాడు, ఒకడు ఇంట్లో బీరు కాస్తున్నాడు. మూడవ రామెసేసు ఏలుబడి 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, ధాన్యపు జీతం ఆలస్యమైతే వీళ్లు పని ఆపి వెళ్లి గుళ్ల వెనక కూర్చున్నారు. ఆకలితో, దాహంతో వచ్చామని, బట్ట లేదు నూనె లేదు చేపలు లేవని చెప్పారు. చరిత్రలో రాతపూర్వకంగా మిగిలిన మొదటి సమ్మె ఇదేనంటారు. దాని వివరాలున్న పాపైరస్ ఇటలీలోని టూరిన్‌లో ఉంది. చివరికి ధాన్యం ఇచ్చారు.

ఈ రెండు చోట్లూ ఒకే రోజు చూడమని మేము అడగడానికి కారణముంది. ఇశ్రాయేలీయుల నాయకులు కూడా ఫరో దగ్గరకు వెళ్లి మొరపెట్టారు. 5వ అధ్యాయం 15వ వచనం నుంచి చదవండి. వాళ్లకు దొరికినది ధాన్యం కాదు, మళ్లీ సోమరులన్న మాటే. అదే దేశం, అదే రాజరికం. రాజు సమాధికి రంగు వేసేవాడి ఆకలి ఆ రాజుకు వినబడింది, మట్టి తొక్కే పరాయివాడి ఆకలి వినబడలేదు. ఆ మొర ఎవరికి వినబడిందో 3వ అధ్యాయం ముందే చెప్పింది.

అదే గట్టున రామెసేసు గుడి వెనక మట్టి ఇటుకలతో కట్టిన ధాన్యపు కొట్ల కమానులు ఇంకా నిలిచి ఉన్నాయి. మూడు వేల రెండు వందల ఏళ్లు దాటాయి. గుడి ముందు కూర్చోబెట్టిన రాజు గ్రానైటు విగ్రహం మాత్రం పడి ముక్కలై ఉంది. అందరూ దానికే ఫొటోలు తీస్తారు. మీరు నాలుగడుగులు వెనక్కి వెళ్లండి. ఆ రాజు పేరు ముద్ర వేసిన ఇటుకలు మ్యూజియముల్లో ఉన్నాయి. చేసినవారి పేర్లు ఏ ఇటుక మీదా లేవు. నిర్గమకాండము రాతలో ఇది తలకిందులైంది. అందులో ఫరోకు పేరు లేదు, షిఫ్రా పూయా అనే ఇద్దరు మంత్రసానులకు ఉంది.

కైరోకు తిరిగి వచ్చాక ఒక్క రాయి తప్పక చూడండి. 1896లో ఫ్లిండర్స్ పెట్రీ లక్సోరులో కనుగొన్న మెర్నెప్తా శాసనం. మనిషికంటే ఎంతో ఎత్తైన నల్లరాయి. అంతకుముందు వేరొక రాజు చెక్కించిన పలకనే తిప్పి వెనకవైపు ఇతను రాయించుకున్నాడు. క్రీ.పూ. 1208 నాటి ఆ శాసనం చివర్లో ఇశ్రాయేలు అనే పేరు ఉంది. ఐగుప్తు రాతల్లో ఆ పేరు స్పష్టంగా కనిపించేది అక్కడొక్కచోటే. ఆ జనాన్ని విత్తనం లేకుండా నాశనం చేశామని గొప్ప చెప్పుకోవడానికి రాసినది. కైరోలో కొత్త పెద్ద మ్యూజియం వచ్చాక వస్తువులు అటూ ఇటూ మారుతున్నాయి కాబట్టి, టికెట్టు కొనేముందే ఏ మ్యూజియంలో ఉందో గైడును అడగండి.

పాత కైరోలో అబూ సర్గా దేవాలయం ఉంది. మరియ యోసేపులు శిశువైన యేసుతో అక్కడ తలదాచుకున్నారని కోప్తు క్రైస్తవుల నమ్మకం. సమయముంటే ముకత్తం కొండలో తొలిచిన గుహ దేవాలయానికి కూడా వెళ్లండి. నగరపు చెత్త ఎత్తి బతికే జబ్బాలీను అనే జనం ఎక్కువమంది క్రైస్తవులు, వారి ఆరాధన స్థలం అది. దారి పొడవునా చెత్త మూటలుంటాయి, ముక్కు మూసుకోకండి. ఇక అబూ సింబెలు అంటారా, అస్వాను నుంచి ఇంకా 280 కిలోమీటర్లు. అద్భుతమే, కాని మన డబ్బుకు, మన రోజులకు అది వద్దు.

వెళ్లలేనివారు హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంకు వెళ్లవచ్చు. నిజాం కాలంలో తెచ్చిన ఐగుప్తు మమ్మీ ఒకటి అక్కడ ఉంది, ఒక యువతిది. వేసవి సెలవుల్లో ఆదివారపు బడి పిల్లలను తీసుకెళ్లాలని అనుకుంటున్నాము. బస్సు ఖర్చుకు సంఘపెద్దలతో మాట్లాడుతున్నాము.

వెళ్లేవారికి ఒక్క మనవి. రెఖ్మిరే గోడమీద ఆ అచ్చు పట్టుకున్న మనిషి బొమ్మను, ఫొటోకు అనుమతి ఉందో లేదో కనుక్కొని, వీలైనంత దగ్గరగా తీసుకురండి. మీరు బయల్దేరేనాటికి మన కుటుంబాలు బట్టీల్లో ఉంటాయి. జూన్‌లో తొలకరికి తిరిగి వస్తారు. ఆ ఫొటో పెద్దదిగా వేయించి వారికి చూపిద్దాము. అచ్చు పట్టిన తీరు సరిగా ఉందో లేదో, ఆ మట్టి ఎన్ని నీళ్లు తాగిందో వాళ్లే చెప్పాలి.